ఆస్బరీని ముట్టుకున్న రోజు

ఆదివారం ప్రార్థనకు వెళ్దామని పెర్మీలియా హాచెట్ టోపీ నాడా గడ్డం కింద ముడి వేసుకుంటోంది. అంతలో వాకిట్లో డెక్కల చప్పుడైంది. తమ్ముడు బండి కట్టుకొచ్చాడు కాబోలనుకుని బయటికొచ్చింది. వచ్చింది తమ్ముడే గాని బండి మీద కాదు. కౌలుకు పత్తి వేసే నల్లవాడు ఐసమ్ నడిపించుకొచ్చిన కంచరగాడిద వీపున మొక్కజొన్న బస్తాలా అడ్డంగా పడి ఉన్నాడు. ముందు బూట్లే కనిపించాయి. మడమ దగ్గర తోలు ఊడిన ఆ బూట్లను కుట్టించుకోమని ఆమె వేసవంతా పోరుతూనే ఉంది.

"రేవు దగ్గరున్నాడమ్మగారూ. సగం నీళ్లలో, సగం ఒడ్డున. నేను చూసేసరికే చల్లబడిపోయాడు." ఐసమ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆమె వైపు కాకుండా కంచరగాడిద చెవుల వైపు చూస్తూ చెప్పాడు.

ఆస్బరీ కల్పెపర్ మంచివాడని టాలిసన్ కౌంటీలో ఎవరూ అనరు. అక్క కూడా అనదు. తాగుతాడు, తాగితే వీధిన పోయే తగాదాను ఇంటికి పిలుస్తాడు. కాని యుద్ధంలో పెర్మీలియా భర్త పోయాక, ఆమె పొలం దున్నిందీ కట్టెలు కొట్టిందీ వాడే. తల్లి పోయేటప్పుడు నాలుగేళ్ల పిల్లవాణ్ని ఆమె ఒళ్లో పెట్టి పోయింది. అందుకే వాడు తమ్ముడి కన్నా ఎక్కువ, కొడుకు కన్నా కొంచెం తక్కువ.

ఇంటి మధ్య నడవలో రంపపు పనికి వాడే రెండు గుర్రపు బల్లల మీద తలుపు రెక్క పరిచి, వాణ్ని పడుకోబెట్టారు. ఐసమ్ భార్య వీనీ బేసిన్‌తో నీళ్లు పట్టుకుంటే పెర్మీలియా తానే కడిగింది. తల వెనక కోడిగుడ్డు పట్టేంత గుంట. అది తుడుద్దామని ముఖం ఒక పక్కకి తిప్పగానే ముక్కులోంచి నెత్తురు సన్నగా కారి ఆమె మణికట్టు మీద పడింది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"తల కదిలిస్తే వస్తుందమ్మగారూ. లోపల నిలిచిపోయిందంతా" అంది వీనీ. ఇంకోసారి తిప్పితే ఇంకోసారి వచ్చింది. ఇద్దరూ తుడిచారు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మర్నాడు పొద్దెక్కేసరికి కరోనర్ వచ్చాడు. ఆ కౌంటీలో అనుమానపు చావు ఏది జరిగినా పంచనామా చెయ్యాల్సినవాడు లెమ్యూయెల్ ప్రూయిట్. కడుపు నింపే పని మాత్రం వడ్రంగం. శవపేటికలు చేసేదీ ఆయనే. "ప్రూయిట్ ఒకసారి వస్తే రెండు పనులు అయిపోతాయి" అని జనం నవ్వుకుంటారు. ఆయన దారిలో కనపడినవాళ్లందరినీ పోగేసి పన్నెండుమంది జ్యూరీని నిలబెట్టాడు. బానిసత్వం పోయాక వచ్చిన కొత్త చట్టం ప్రకారం అందులో ఇద్దరు నల్లవాళ్లు. వాళ్లు గోడకి ఆనుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. జ్యూరీకి పెద్ద పిండిమిల్లు యజమాని స్పివీ. గింజ బరువు చెయ్యి పెట్టి చెప్పే మనిషి, మాట మాత్రం ఎప్పుడూ బరువు తక్కువే.

"కడగకుండా ఉంచాల్సిందమ్మా" అన్నాడు ప్రూయిట్ నొచ్చుకుంటూ.

"నా తమ్ముడు బురదలో ఉన్నాడు ప్రూయిట్ గారూ. మీ చట్టం కోసం బురదలోనే ఉంచమంటారా?"

ఆయన తల వంచి, జ్యూరీని దగ్గరికి పిలిచాడు.

సెప్టెంబరు ఎండ. నడవలోంచి గాలి రావాలి గాని, ఈగలు తప్ప ఏమీ రావడం లేదు. వాకిలి నిండా జనం. పత్తి ఏరుతున్నవాళ్లు సంచులు భుజాన వేసుకునే వచ్చేశారు. జ్యూరీ ఒక్కొక్కరే వంగి తల వెనక గుంట చూసి, ముక్కు మూసుకుని లేచారు. రేవులో బండ మీద పడినా అంతే, కర్రతో కొట్టినా అంతే. చివరికి స్పివీ గొంతు సవరించుకున్నాడు.

"తాగి ఉన్నాడు. కాలు జారి బండ మీద పడ్డాడు. దైవికం అని రాసేద్దాం."

"దైవికమా!" పెర్మీలియా లేచి నిలబడింది. "శనివారం సాయంత్రంపూట దేవుడికి ఆ రేవులో ఏం పని?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

నిన్న రాత్రంతా ఆమెకి నిద్ర లేదు. కళ్లు మూసినా తెరిచినా ఒకే మొహం కనిపిస్తోంది, పొరుగు పొలం డోర్సీ టగ్గిల్ మొహం. ఆస్బరీ పందులు కంచె దాటి టగ్గిల్ మొక్కజొన్నలో పడితే, చర్చి మెట్ల మీద అందరి ముందూ అన్నాడు, "ఈసారి కొడితే పందిని కాదు, పందుల్ని పెంచేవాణ్ని కొడతా" అని. ఇవాళ కూడా వచ్చాడు. వాకిటి చివర మాంసం పొగబెట్టే గుడిసె నీడలో నిలబడి ఉన్నాడు. ఆమె కాళ్లు ఒక చోట నిలవడం లేదు.

"అందరూ వచ్చి శవాన్ని ముట్టుకోవాలి" అంది. " పాతకాలం వాళ్లు చేసినట్టు. చంపినవాడి చెయ్యి తగిలితే శవం నెత్తురు కారుస్తుంది. మా నాయనమ్మ చూసింది."

"చట్టంలో లేదమ్మా అది" అన్నాడు ప్రూయిట్.

"చట్టంలో లేకపోతే పోయిందిలే, మా తాతా చూశాడట" అన్నాడు స్పివీ. గోడ పక్క ఇద్దరూ నేలచూపులు చూశారు. మిగతావాళ్లు తలూపారు. ప్రూయిట్ చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, పక్కకి జరిగాడు.

వరస కట్టారు. ముందు జ్యూరీ, తరవాత వాకిట్లో వాళ్లు. ఒక్కొక్కరూ రెండు వేళ్లు ఆస్బరీ నుదుటి మీద ఆనించి, కాలిన పెనం మీంచి తీసినట్టు తీసేస్తున్నారు. పెర్మీలియా ఎవర్నీ చూడడం లేదు. టగ్గిల్‌నే చూస్తోంది. అతను వరసలో నిలబడ్డాడు గాని ముందుకు జరగడం లేదు. "మీరు కానివ్వండి, మీరు కానివ్వండి" అని వెనకవాళ్లకి దారి ఇస్తూ చివరికి పోతున్నాడు. రా, రా అనుకుంటోంది ఆమె పళ్ల బిగువున.

అప్పుడే బ్యూల్ ఒడమ్ అరిచాడు. వాడు చనిపోయినవాడికి పెద్దమ్మ కొడుకు, సీసాలో పొత్తు. పొద్దున్నే పొత్తు లేకుండా ఒక్కడే తాగొచ్చాడు.

"ఐసమ్‌గాడేడీ? వాడు ముట్టుకోడా? మొన్న ఆస్బరీ వాడి కుక్కని కాల్చేస్తే, దీనికి అడిగేవాడు ఉంటాడులే అన్నాడా లేదా?"

"దేవుడనే అన్నాను దొరా" అన్నాడు ఐసమ్. "నిన్న మోసుకొచ్చింది నేనే. భుజం మీద వేసుకునే కంచరగాడిద మీదికి ఎక్కించాను. ముట్టుకోవడం అప్పుడే అయింది."

"ఇప్పుడు మా ముందు ముట్టుకో."

ఐసమ్ మెట్లెక్కాడు. ఇతనేం చేస్తాడో చూడాలని జనమంతా నడవలోకి తోసుకొచ్చారు. ఎవరి తొడో తలుపు రెక్కకి తగిలింది. గుర్రపు బల్ల కిర్రుమంది. ఐసమ్ వేళ్లు నుదుటికి ఆనిన ఆ క్షణంలోనే ఆస్బరీ తల మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. ముక్కులోంచి ఎర్రటి దారం ఒకటి మీసం మీదికి జారింది.

ముందున్నవాళ్లు ఒకర్నొకరు తొక్కుకుంటూ వెనక్కి జరిగారు.

"చూశారా! చూశారా!" బ్యూల్ గొంతు చీరుకుపోయింది. ఐసమ్ చేతులు ఎవరో వెనక్కి విరిచారు. ఇంకెవరో పశువుల కొట్టం వైపు పరుగెత్తి నాగలి పగ్గం పట్టుకొచ్చారు. "ఆగండి, ఇది నా పంచనామా, ఆగండి!" అని ప్రూయిట్ అరుస్తూనే ఉన్నాడు. ఆయన అరుపు సంతలో చంటిపిల్ల ఏడుపులా పోయింది. గోడకానుకున్న నల్ల జ్యూరీ ఇద్దరిలో ఒకడు కళ్లు మూసుకున్నాడు.

వాకిటి చివర బేసిన్ పట్టుకుని వీనీ నిలబడి ఉంది. ఆమె అరవలేదు. ఏడవలేదు. అంతమంది భుజాల మీదుగా తిన్నగా పెర్మీలియా మొహంలోకే చూసింది.

ఆ చూపు ఏమంటోందో పెర్మీలియాకు తెలుసు. నిన్న మణికట్టు మీద పడ్డ నెత్తురు తెలుసు. తల కదిలితే వస్తుందని తెలుసు. నోరు తెరిస్తే చాలు. కానీ తెరవలేదు. లోపల ఎక్కడో, నిన్నటి నుంచి మండుతున్నదేదో, ఎవడో ఒకడు దొరికాడు కదా అని చల్లబడుతోంది. ఎవడైతేనేం, ఎవడో ఒకడు. ఐసమ్ మెడ చుట్టూ పగ్గం పడింది. అతను మెట్ల మీంచి జారి మోకాళ్ల మీద పడ్డాడు. పడుతూ అతను పిలిచింది దేవుణ్ని కాదు, భార్యని.

"వదలండి!"

తన గొంతే తనకి కొత్తగా వినిపించింది. ఆమె జనాన్ని తోసుకుంటూ తలుపు రెక్క దగ్గరికి వెళ్లింది.

"నిన్న నేను కడుగుతుంటే నాకూ కారింది. నా చేతుల కింద రెండుసార్లు కారింది. వీనీ చూసింది."

"అక్కా, దుఃఖంలో ఉన్నావు, నువ్వు లోపలికెళ్లు" అన్నాడు బ్యూల్.

"లోపలికెళ్లను. ఇటు చూడు."

తమ్ముడి తలను రెండు చేతుల్లోకి తీసుకుంది. జుట్టు ఇంకా రేవు ఇసకతో గరగరలాడుతోంది. వాడి నాలుగో ఏట జ్వరం వచ్చినప్పుడు ఇలాగే పట్టుకుని రాత్రంతా కూర్చుంది. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా ఆ తలను ఇటు తిప్పింది. నెత్తురు కారింది. అటు తిప్పింది. మళ్లీ కారింది, ఈసారి ఆమె ఆదివారపు నల్ల గౌను చేతి మీద.

"నేనా చంపింది? అయితే నన్ను కట్టండి. ఆ పగ్గం ఇటు తీసుకురండి."

స్పివీ ముందుకొచ్చాడు. తనూ ఒకసారి ఆ తలను కదిపి, వేళ్లకి అంటుకున్నది చూసుకుని, చొక్కాకి తుడుచుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేకపోయాడు. "ప్రభూ, నేను రేవు వైపే వెళ్లలేదు" అన్నాడు, అడిగినవాళ్లు లేకపోయినా.

ఐసమ్ చేతులు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే వదిలేశారు. వదిలేసి, అసలెప్పుడూ పట్టుకోనట్టు ఆకాశం చూశారు.

"ఆ పగ్గం ఎవడు తెచ్చాడో వాడే తీసుకెళ్లి నాగలికి కట్టుకోండి" అన్నాడు ప్రూయిట్. తలకి దెబ్బ తగిలి చనిపోయాడు, దెబ్బ ఎలా తగిలిందో తెలియదు అని జ్యూరీ తేల్చింది. జనం చెదిరిపోయారు. ఆ గందరగోళంలో టగ్గిల్ శవాన్ని ముట్టుకోకుండానే కంచె దాటి వెళ్లిపోయాడు. అది చూసింది పెర్మీలియా ఒక్కతే.

తెల్లవారేసరికి ఐసమ్ కౌంటీలో లేడు. ఎటు వెళ్లాడో వీనీ చెప్పలేదు. పంట సగం చేలోనే ఉంది కాబట్టి ఆమె మాత్రం ఉండిపోయి, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కతే పత్తి ఏరుతోంది. బాటలో పెర్మీలియా ఎదురైతే తలూపుతుంది, అంతే.

పెర్మీలియాకు ఇంట్లో కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. రొట్టె పొయ్యి మీద పెట్టి మరిచిపోయి కంచె వెంట తిరిగేది. కంచెకి అవతల టగ్గిల్ కనిపిస్తే, అతను వెంటనే ఏదో మరిచిపోయినట్టు ఇంట్లోకి పోయేవాడు. ఇలా పత్తి రెండో ఏరుడు వచ్చేదాకా సాగింది. ఒక మధ్యాహ్నం ఆమె కంచె ఎక్కి దిగి, తిన్నగా అతని మొక్కజొన్న కొట్టులోకి నడిచింది. అతను పీట మీద కూర్చుని కండెలు ఒలుస్తున్నాడు.

"డోర్సీ, నువ్వు ముట్టుకోలేదు."

అతను తలెత్తలేదు. ఒలుస్తున్న కండె మాత్రం ఆగిపోయింది.

"కూర్చో పెర్మీలియమ్మా" అన్నాడు.

"నిలబడే వింటాను."

"రేవులో ఎదురయ్యాడు. దారి ఇవ్వనన్నాడు. నా పెళ్లాం గురించి ఒక మాటన్నాడు, అది నీతో అనలేను. తోశాను. వెల్లకిలా బండ మీద పడ్డాడు. కాని లేచాడు! దేవుడి సాక్షిగా లేచి కూర్చుని నన్ను బూతులు తిట్టాడు. తిట్టేవాడు చస్తాడనుకుంటామా? నేను వచ్చేశాను. ఆ తరవాత మీ వాకిట్లో చూసేదాకా..." కండె కింద పెట్టేశాడు.

వాడు తిట్టాడంటే ఆమెకి నమ్మకం కుదిరింది. చావు ఒళ్లోకొచ్చినా ఆస్బరీ తిట్టకుండా ఉండడు. ఆమె ఏడవడానికి రాలేదు.

"తోశావు. సరే. వాడు తోయించుకునే మనిషే. ఐసమ్ మెడకి పగ్గం వేస్తుంటే నోట్లో ఏముంది నీకు?"

"చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే నువ్వు తెరిచావు."

"అబద్ధం" అంది పెర్మీలియా. "ఎంతసేపు పట్టిందో నాకు తెలుసు. ఆ కాసేపూ నేనూ నీలాగే నిలబడ్డాను. లే. కోటు వేసుకో. ప్రూయిట్ ఇంటికి పోదాం."

"ఉరి తీస్తారు పెర్మీలియమ్మా."

"నిన్నా? ఈ కౌంటీలోనా?" ఆమె నవ్వింది. ఆ నవ్వు అతనికి నచ్చలేదు. "లే డోర్సీ. నువ్వు ఇవాళ రాకపోతే రేపు వస్తాను. చర్చికి వస్తే నీ వెనక బల్ల మీదే కూర్చుంటాను. చచ్చేదాకా వస్తూనే ఉంటాను."

అతను లేచాడు. ఇద్దరూ ఎర్రమట్టి బాటలో పక్కపక్కన నడిచారు. ప్రూయిట్ చిత్రిక పట్టడం ఆపి అంతా విని, మళ్లీ జ్యూరీని పిలిపించి కొత్తగా రాయించాడు. ఆకులు రాలే కాలంలో కోర్టు కూర్చుంది. దారి ఇవ్వని తాగుబోతుని తోయడం నేరం కాదని పన్నెండుమంది మధ్యాహ్నం భోజనానికి ముందే తేల్చేశారు. టగ్గిల్ ఇంటికి వెళ్లి మిగతా మొక్కజొన్న ఒలుచుకున్నాడు.

ఆ వార్త వీనీకి తనే చెప్పాలని పెర్మీలియా పరుగులాంటి నడకతో వెళ్లింది. వీనీ గుడిసె ముందు బండి కట్టి ఉంది. పరుపు, పెనం, రెండు కుర్చీలు బండిలోకి ఎక్కేశాయి. వీనీ కోళ్లను పట్టి కాళ్లు కట్టి బండిలో వేస్తోంది.

"వీనీ, కోర్టులో అంతా చెప్పేశారు. డోర్సీ తోశాడని వాడే ఒప్పుకున్నాడు. ఐసమ్ మీద ఇంక మచ్చ లేదు. తిరిగి రమ్మను."

"ఎక్కడికి రమ్మంటారమ్మగారూ? పగ్గం పట్టుకొచ్చినవాళ్ల కొట్లోనేగా ఉప్పు కొనుక్కోవాలి."

ఒక కోడి కాళ్ల మధ్యలోంచి పారిపోతే, పెర్మీలియా వంగి పట్టుకుని వీనీకి అందించింది. ఇంకోటి కట్టెల మోపు వెనక నక్కితే అటు ఒకరూ ఇటు ఒకరూ అడ్డంపడి పట్టారు. కాసేపు ఇద్దరికీ అదే పని. రొప్పుతూ, గౌన్ల అంచులు పట్టుకుని, "అటు, అటు పోతోంది!" అని అరుస్తూ.

"నేను ఆపాను వీనీ" అంది పెర్మీలియా చివరికి, ఊపిరి తీసుకోవడానికి ఆగి. "ఆపానా లేదా?"

వీనీ కోడి కాళ్లకి ముడి వేస్తూనే మాట్లాడింది. "ఆపారు. మీరు ఆపకపోతే నా మొగుడు లేడు. అది కాదనను. కాని నిప్పు అంటించిందెవరు? వరస కట్టమంది మీరు. తల కదిలితే కారుతుందని మనిద్దరికీ తెలుసు. నేను అంటే ఎవడూ వినడు. మీరు అంటే వింటారు. మీరు అనేదాకా నేను మీ మొహమే చూస్తున్నాను అమ్మగారూ. ఆ మొహంలో ఏముందో నేను చూశాను."

పెర్మీలియా చేతులు ఊరికే ఉండలేక ఏప్రన్ అంచు మెలిపెట్టాయి. "తెలుసు" అంది చిన్నగా.

"తెలుసు కదా. ఇంక నన్నేం అనమంటారు?"

"ఎక్కడికి వెళ్తున్నారో చెప్పు. ఎప్పుడైనా..."

"చెప్పను."

వీనీ బండెక్కింది. కళ్లెం అందుకుంటూ లెక్క చూసుకుని, "నల్లచుక్కల పెట్ట ఉండిపోయింది. పోనీలెండి" అంది.

"ఉండు, పట్టి ఇస్తాను."

పెర్మీలియా, దిమ్మెల మీద నిలబెట్టిన గుడిసె కింద ఖాళీలోకి నేల మీద పాకుతూ దూరింది. లోపల చీకటి, సాలెగూళ్లు, పాత డొక్కు బకెట్టు. పెట్ట మూలకి ఒదిగి గురగురమంది. మోచేతులు గీరుకుపోయాయి, టోపీ ఊడిపోయింది. రెక్క దొరికింది, జారింది, మళ్లీ దొరికింది. చంకలో ఇరికించుకుని, ఒళ్లంతా దుమ్ముతో బయటికొచ్చేసరికి వాకిట్లో బండి లేదు. బాట మలుపు దగ్గర ఎర్రటి ధూళి లేస్తోంది.

"వీనీ!" అని అరిచింది.

ధూళి ముందుకే పోయింది. పెట్ట చంకలో కొట్టుకుంటోంది. పెర్మీలియా ఊడిన టోపీ కోసం చూడలేదు. గౌను ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, నలభై ఆరేళ్ల వయసులో, బండి వెనక బాట పట్టి పరుగెత్తింది.